ఒక పావు వృత్తం, కాస్త దారం: ట్రిగనామెట్రీ ఇలా మొదలుపెట్టండి

మా ఇల్లు పెదజాలరిపేటకి దగ్గర్లో. సాయంత్రం ఐదున్నరకి డాబా మీద చాప పరిస్తే ఎనిమిది మందో తొమ్మిది మందో ఇంటర్ పిల్లలు వచ్చి కూర్చుంటారు. ఎదురుగా రెండు మేడల సందులోంచి సముద్రం కనిపిస్తుంది. ఏటా ట్రిగనామెట్రీ మొదలయ్యే వారం అందరి ముఖాల్లో ఒకటే టెన్షన్. నోట్సు చివరి పేజీల్లో వరసగా ఫార్ములాలు, వాటి కింద ఎర్ర పెన్నుతో "బట్టీ పట్టాలి" అని రాసుంటుంది.

నేను ఇంటర్ చదివినప్పుడూ ఇంతే. బోర్డు నిండా ఫార్ములాలు రాసి రేపటికి అప్పజెప్పమన్నారు. అప్పజెప్పాను. పరీక్షలో కాస్ 120° దగ్గర మైనస్ ఉందా లేదా అని పెన్ను ఆగిపోయింది. లంబకోణ త్రిభుజంలో ఒక కోణం 90° అయితే ఇంకో కోణం 120° ఎలా ఉంటుంది? మరి ఎదుటి భుజం ఏది, కర్ణం ఏది? ఆ ప్రశ్న అడగడానికి అప్పుడు ధైర్యం చాల్లేదు. ఇప్పుడు మా పిల్లలు అడుగుతారు: "మేడం, 120 డిగ్రీలకి ట్రయాంగిల్ ఎక్కడుంది?" ఈ ప్రశ్న అడిగిన పిల్లకి సబ్జెక్ట్ సగం వచ్చేసినట్టే.

సైన్, కాస్‌లకి సొంతిల్లు వృత్తం. త్రిభుజం ఆ ఇంట్లో ఒక గది మాత్రమే. పదో తరగతిలో మనకి ఆ గదే చూపించారు. అందుకని ఫార్ములాల పేజీ మూసేసి, ఒక గ్రాఫ్ పేపరు, కాంపస్, కోణమానిని, కాస్త దారం, ఒక స్టీలు కంచం తెచ్చుకోండి. కాలిక్యులేటర్ చివర్లో సరిచూసుకోడానికి.

పావు వృత్తం గీయండి

గ్రాఫ్ పేపరు కింది ఎడమ మూలలో సున్నా పెట్టుకుని, 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో పావు వృత్తం గీయండి. ఈ 10 సెంటీమీటర్లనీ "ఒకటి" అనుకోండి. అప్పుడు ఒక్కో మిల్లీమీటరు 0.01 అవుతుంది. కోణమానిని పెట్టి 10°, 20°, 30° అంటూ 90° దాకా వృత్తం మీద చుక్కలు పెట్టండి.

ఇప్పుడు 20° చుక్క దగ్గరికి రండి. అక్కణ్ణించి కిందికి నిలువుగా ఎన్ని మిల్లీమీటర్లో లెక్కపెట్టండి. 34 వస్తుంది. కేంద్రం నుంచి అడ్డంగా ఎంత? 94. అంతే, సైన్ 20° అంటే 0.34, కాస్ 20° అంటే 0.94. మీ చేత్తో గీసిన కాగితం మీంచే చదివేశారు. వృత్తం మీద చుక్క ఎంత ఎత్తులో ఉందో అది సైన్, ఎంత పక్కకి ఉందో అది కాస్. ఇంతకు మించి నిర్వచనం అక్కర్లేదు. 30° చుక్క ఎత్తు సరిగ్గా 50 మిల్లీమీటర్లు వచ్చిందో లేదో చూసుకోండి. రాకపోతే కాంపస్ వదులైందన్నమాట, మళ్ళీ గీయండి. మా పిల్లల్లో సగం మంది రెండోసారి గీస్తారు, ఆ రెండోసారి గీసినవాళ్ళకే బాగా గుర్తుంటుంది.

మిగతా మూడు పాదాలూ గీయక్కర్లేదు. కాగితాన్ని నిలువు గీత మీద మడిచినట్టు ఊహించుకుంటే 60° చుక్క వెళ్ళి 120° మీద పడుతుంది. ఎత్తు మారలేదు కాబట్టి సైన్ 120°, సైన్ 60° ఒకటే. పక్కకి మాత్రం ఎడమవైపు వెళ్ళింది కాబట్టి కాస్ 120° మైనస్ 0.5. నాలుగు పాదాల్లో వరసగా ఏవి ప్లస్సో (అన్నీ, సైన్, ట్యాన్, కాస్) "ఆల్ సిల్వర్ టీ కప్స్" అని గుర్తుపెట్టుకోవడం మంచిదే, నేనూ చెబుతాను. కానీ ముందు చుక్క ఎటు పడిందో చూసి, తర్వాత ఆ మాట వాడండి.

కంచం చుట్టూ దారం

రేడియన్ అనగానే పిల్లలు పై బై 180 తో గుణించడం మొదలుపెడతారు. ఏం గుణిస్తున్నారో అడిగితే జవాబుండదు. కంచం తీసుకోండి. మధ్య నుంచి అంచు దాకా దారం కొలిచి తుంచండి. ఆ ముక్కని కంచం అంచు వెంబడి ఒంపుగా అతికించి, రెండు చివరల నుంచీ కేంద్రానికి గీతలు గీస్తే మధ్యలో వచ్చే కోణమే ఒక రేడియన్. కోణమానినితో కొలిస్తే 57 డిగ్రీలు దాటి కొంచెం. అలాంటి ముక్కలు చుట్టూ పెడుతూ పోతే ఆరు పడతాయి, చివర కాస్త జాగా మిగులుతుంది. ఆ మిగిలినది 0.28. ఆరూ పాయింట్ రెండు ఎనిమిది అంటే రెండు పై.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్ళలేను. ఒక డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 57.3 ని 60 తో గుణించి చూడండి, 3438 వస్తుంది. ఆర్యభటుడు క్రీ.శ. 499 ప్రాంతంలో రాసిన ఆర్యభటీయంలో సైన్ పట్టికకి తీసుకున్న వ్యాసార్థం సరిగ్గా 3438. చాపాన్నీ, ఎత్తునీ ఒకే కొలతలో, అంటే కోణపు నిమిషాల్లోనే కొలవాలని ఆయన అలా పెట్టుకున్నాడు. మనం ఇవాళ దారంతో చేసిన పనిలో ఉన్న ఆలోచన కూడా అదే. ఆ ఎత్తుని ఆయన జ్య అన్నాడు, వింటి నారి అని అర్థం. ఆ మాట అరబ్బీలోకి వెళ్ళి రూపు మారి, అక్కణ్ణించి లాటిన్‌లో "సైనస్"గా మారి, చివరికి సైన్ అయి మన పిల్లల నోట్సుల్లోకి తిరిగొచ్చింది. కాస్‌కి మన పాత పేరు కోటిజ్య.

గ్రాఫ్ ఎందుకు అలా వంగుతుంది

అడ్డంగా కోణం, నిలువుగా ఎత్తు పెట్టి, మీ పావు వృత్తంలో చదివిన ఎత్తులన్నీ వరసగా గుర్తించండి. చుక్కల్ని స్కేలుతో కలపొద్దు, చేత్తో కలపండి. మడత తిప్పుకుంటూ 180° దాకా, తర్వాత సున్నా కిందకి 360° దాకా వెళ్తే ఒక పూర్తి అల వస్తుంది. దానికి అవతల మళ్ళీ అదే. చుక్క వృత్తం మీద ఒక చుట్టు పూర్తి చేసి మళ్ళీ మొదటికి వచ్చింది కదా. కాస్ గ్రాఫ్ కోసం వేరే కష్టం లేదు, ఇదే అల 90° ఎడమకి జరుగుతుంది.

ఈ అల మీద నిజంగా కనిపెట్టాల్సింది దాని వేగం. మొదటి 30 డిగ్రీల్లో ఎత్తు 0.5 పెరిగింది. తర్వాతి 30 లో 0.37. చివరి 30 లో 0.13 మాత్రమే. మధ్య గీత దగ్గర జోరు, శిఖరం దగ్గర నిదానం.

మా నాన్న ఫిషింగ్ హార్బర్‌లో బోటు మీద పనిచేసేవారు. సైన్ అన్న మాట ఆయన వినలేదు. కానీ చిన్నప్పుడు నాకు చెప్పింది ఇదే: "పోటు మొదట్లో నిదానంగా వస్తాది. సగానికొచ్చినాక జోరందుకుంటాది. నిండే ముందర మళ్ళీ ఆగినట్టే ఉంటాది." ఓడలు నడిపేవాళ్ళకి దీనికో మోటు లెక్క ఉంది. నీళ్ళు అడుగు నుంచి నిండడానికి ఆరు గంటలనుకుంటే, మొత్తం పెరుగుదలలో మొదటి గంట పన్నెండో వంతు, రెండో గంట రెండు వంతులు, మూడు నాలుగు గంటల్లో మూడేసి వంతులు, ఐదో గంట రెండు, ఆరో గంట ఒకటి. మీ గ్రాఫ్ మీద అల అడుగు నుంచి శిఖరం దాకా ఆరు ముక్కలు చేసి కొలవండి, దాదాపు ఇవే వంతులు వస్తాయి. ఆర్యభటుడి పట్టికలోనూ ఇదే కనిపిస్తుంది. ఆయన విలువలు ఇవ్వకుండా వాటి మధ్య తేడాలు ఇచ్చాడు. అవి 24. మొదట 225, 224, 222, 219 అంటూ మొదలై తగ్గుతూ తగ్గుతూ చివరిది 7. శిఖరం దగ్గర అల ఎంత చదునవుతుందో ఆ ఏడు చెబుతుంది.

ఇప్పుడు అదే సముద్రం మీద గ్రాఫ్‌ని అటూ ఇటూ మార్చడం నేర్చుకుందాం. ఉదాహరణకి ఒక రోజు నీటి మట్టం ఇలా ఉందనుకోండి:

ఎత్తు = 0.8 + 0.7 × సైన్ (29° × గంటలు)

0.8 అంటే నీళ్ళ నడిమి మట్టం, మీటర్లలో. దాన్ని పెంచితే అల మొత్తం పైకి లేస్తుంది, ఆకారం మారదు. 0.7 అంటే నడిమి నుంచి ఎంత పైకీ ఎంత కిందికీ వెళ్తుందో అది, కంపన పరిమితి. అక్కడ 0.7 ఉంటే పోటుకీ ఆటుకీ తేడా 1.4 మీటర్లు. చాలామంది ఆ 1.4 నే సైన్ ముందు పెట్టేస్తారు, జాగ్రత్త. ఇక 29 ఎక్కణ్ణించి వచ్చింది? మన తీరంలో ఒక పోటు నుంచి తర్వాతి పోటుకి సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంత సేపట్లో అల 360° తిరగాలి. 360 ని 12.42 తో భాగిస్తే గంటకి 29°. ఆవర్తనం కావాలంటే 360 ని లోపలి సంఖ్యతో భాగించాలని బట్టీ పట్టడం కన్నా, "గంటకి ఎన్ని డిగ్రీలు తిరుగుతోంది" అని అడగడం తేలిక. రెండు పోట్లు కలిపితే 24 గంటల 50 నిమిషాలు, అందుకే పోటు రోజురోజుకీ ముప్పావు గంట దాటి ఆలస్యమవుతుంది.

నీళ్ళు నడిమి మట్టం దాటుతున్నప్పుడు గడియారం మొదలుపెట్టామనుకుని మూడు గంటలకి లెక్క వేయండి. మొదటి గంటలో 34 సెంటీమీటర్లు పెరుగుతుంది, రెండో గంటలో 25, మూడో గంటలో 11. నాన్న మాట అంకెల్లో రాసినట్టుంటుంది. నీళ్ళు రెండు గంటలు ఆలస్యంగా నడిమి మట్టానికి వచ్చాయంటే గంటల బదులు (గంటలు − 2) రాయాలి. మైనస్ రాస్తే అల కుడికి ఎందుకు జరిగిందని పిల్లలు తికమకపడతారు. ఏం లేదు, అదే పని రెండు గంటలు లేటుగా జరుగుతోంది, లేటంటే కుడివైపే కదా.

ట్యాన్ కోసం ఎండలోకి వెళ్ళండి

ట్యాన్ అంటే సైన్‌ని కాస్‌తో భాగించడం. 90° దగ్గర కాస్ సున్నా అవుతుంది కాబట్టి అక్కడ విలువ లేదు, గ్రాఫ్ తెగిపోతుంది. పుస్తకంలో ఇంతే ఉంటుంది. దీన్ని నీడలో చూస్తే మరిచిపోరు.

డాబా మీద ఒక మీటరు కర్ర నిలువుగా పెట్టండి. సూర్యుడు నడినెత్తి నుంచి ఎన్ని డిగ్రీలు ఒరిగాడో దాని ట్యాన్ ఎంతో, నీడ అన్ని మీటర్లు. విశాఖ 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మార్చి 21 ప్రాంతంలో మిట్టమధ్యాహ్నం ఒరుగు అదే 17.7°, నీడ 32 సెంటీమీటర్లు ఉత్తరానికి. డిసెంబర్ 21 న ఆ ఒరుగు 41 డిగ్రీలు దాటుతుంది, నీడ 87 సెంటీమీటర్లు. మే రెండో వారంలో ఒక మధ్యాహ్నం నీడ కర్ర కిందకే వచ్చేస్తుంది. ఇక జూన్ 21 ప్రాంతంలో నీడ దక్షిణానికి తిరిగి 10 సెంటీమీటర్లు పడుతుంది. నీడ దక్షిణానికి పడటం మొదటిసారి చూసిన పిల్లలు కర్ర వంగిందేమోనని సరిచేస్తారు. వంగలేదు, సూర్యుడే మన నెత్తి దాటి ఉత్తరానికి వెళ్ళాడు. ఒరుగు అటు తిరిగితే కోణం మైనస్, ట్యాన్ కూడా మైనస్. గ్రాఫ్ సున్నా దాటి కిందికి వెళ్ళడమంటే అదే.

తెగిపోయే చోటు చూడాలంటే తెల్లవారకముందే ఆర్కే బీచ్‌కి వెళ్ళి, సముద్రంలోంచి సూర్యుడు లేస్తుంటే వెనక్కి తిరిగి మీ నీడ చూసుకోండి. ఒరుగు 80° అంటే ట్యాన్ 5.67, మీటరు కర్రకి ఐదున్నర మీటర్ల పైన నీడ. 89° కి 57.3 మీటర్లు. 89.9° కి 573. సరిగ్గా 90° కి కొలవడానికి నీడకి చివరే ఉండదు. ఆ 57.3 ని ఇందాక కంచం మీద చూశాం కదా, అది కాకతాళీయం కాదు. చాలా చిన్న కోణంలో ట్యాన్, రేడియన్లలో ఆ కోణం దాదాపు ఒకటే. ఒక డిగ్రీ అంటే రేడియన్‌లో 57.3 వ వంతు. ట్యాన్ 89° అంటే ట్యాన్ 1° ని తిరగేయడమే, అంటే 1 ÷ ట్యాన్ 1°.

సర్వసమీకరణాలు

పావు వృత్తంలో 20° చుక్కకి మళ్ళీ రండి. పక్కకి 0.94, ఎత్తు 0.34, ఏటవాలు గీత 1. కోణాన్ని 'ఏ' (A) అనుకుంటే, పైథాగరస్ చెప్పిందే: సైన్²ఏ + కాస్²ఏ = 1. దీన్ని కాస్²ఏ తో భాగిస్తే 1 + ట్యాన్²ఏ = సెక్²ఏ (సెక్ అంటే 1 ÷ కాస్). సైన్²ఏ తో భాగిస్తే 1 + కాట్²ఏ = కొసెక్²ఏ (కాట్ అంటే కాస్ ÷ సైన్, కొసెక్ అంటే 1 ÷ సైన్). మూడు ఫార్ములాలు కాదు, ఒక్కటే.

తర్వాత అసలైన తల్లి సూత్రం. ముందుగా, సైన్ (ఏ + బీ) అంటే సైన్ ఏ + సైన్ బీ అనుకుంటే ఏమవుతుందో చూడండి. సైన్ 30° + సైన్ 60° = 0.5 + 0.87, ఒకటి దాటిపోయింది. 10 సెంటీమీటర్ల వృత్తం మీద చుక్క 13.7 సెంటీమీటర్ల ఎత్తుకి ఎలా వెళ్తుంది?

సరైనది ఇలా పుడుతుంది. సింహాచలం ఘాట్ రోడ్డు లాంటి ఎత్తు రోడ్డు ఊహించుకోండి, దాని వాలు కోణం 'ఏ'. ఇంకో కోణం 'బీ' తీసుకుని, రోడ్డు వెంబడి కాస్ బీ దూరం నడిచారు. ఎంత ఎత్తు ఎక్కారు? సైన్ ఏ × కాస్ బీ. అక్కడ రోడ్డుకి లంబంగా సైన్ బీ పొడవున్న కర్ర పాతారు. రోడ్డు 'ఏ' కోణంలో వాలి ఉంది కాబట్టి కర్ర కూడా నిలువు నుంచి అంతే వాలుతుంది, దానివల్ల వచ్చే ఎత్తు కాస్ ఏ × సైన్ బీ. మొదలుపెట్టిన చోటి నుంచి కర్ర కొనకి దారం లాగితే దాని పొడవు 1, కోణం ఏ + బీ. కాబట్టి:

సైన్ (ఏ + బీ) = సైన్ ఏ × కాస్ బీ + కాస్ ఏ × సైన్ బీ

ఏ 20°, బీ 30° పెట్టండి. 0.342 × 0.866 + 0.940 × 0.5 = 0.766. మీ కాగితం మీద 50° చుక్క ఎత్తు 77 మిల్లీమీటర్లు ఉందా? ఈ బొమ్మని మూడుసార్లు మీరే గీయండి. అడ్డం దూరాలు లెక్కపెడితే కాస్ (ఏ + బీ) = కాస్ ఏ × కాస్ బీ − సైన్ ఏ × సైన్ బీ కూడా ఇందులోనే ఉంది. మైనస్ ఎందుకంటే కర్ర వెనక్కి వాలింది.

మిగతావన్నీ వీటి పిల్లలు. బీ స్థానంలో ఏ పెడితే సైన్ 2ఏ, కాస్ 2ఏ. కూడితే, తీసేస్తే ట్రాన్స్‌ఫర్మేషన్లు, అంటే మొత్తాన్ని లబ్ధంగా మార్చే సూత్రాలు. నాకు ఇష్టమైనది సైన్²ఏ = (1 − కాస్ 2ఏ) ÷ 2. కాస్ 2ఏ ఒక చుట్టులో ఎంత పైకో అంత కిందికి వెళ్తుంది కాబట్టి దాని సగటు సున్నా, అంటే సైన్² సగటు సరిగ్గా సగం. మన ఇళ్ళలో కరెంటు 230 వోల్టులంటాం, నిజానికి అది సైన్ అల, దాని శిఖరం 325 వోల్టులు. 325 ని √2 తో భాగిస్తే 230. 230 అంటే వోల్టుల వర్గాల సగటుకి వర్గమూలం, కాబట్టి ఆ √2 వచ్చింది ఈ సగంలోంచే.

నిరూపణల లెక్కలకి నేను చెప్పే పద్ధతి: బరువైన వైపు నుంచి మొదలుపెట్టండి, తోచకపోతే అన్నీ సైన్, కాస్‌లోకి మార్చండి, సమాన గుర్తు దాటి ఇటువి అటు పంపకండి. (1 − కాస్ 2ఏ) ÷ సైన్ 2ఏ = ట్యాన్ ఏ అని ఇచ్చారు. పైన 2సైన్²ఏ, కింద 2 సైన్ ఏ కాస్ ఏ, కొట్టేస్తే ట్యాన్ ఏ. రాసే ముందే ఒక అంకె పెట్టి చూసుకోండి, 20° పెట్టండి. 0, 45 పెట్టొద్దు, అవి మోసం చేస్తాయి. సైన్ 2ఏ = 2సైన్²ఏ అన్నది శుద్ధ తప్పు, కానీ 0° కీ 45° కీ రెండు వైపులా సమానమే వస్తుంది. 20° పెడితే ఒకవైపు 0.64, ఇంకోవైపు 0.23.

ఇంతవరకూ వచ్చినవాళ్ళకి చివరగా ఒక లెక్క ఇస్తాను. సముద్రంలో అల ఒక్కటి కాదు. చంద్రుడి వల్ల 12 గంటల 25 నిమిషాలకి ఒకటి, సూర్యుడి వల్ల 12 గంటలకి ఒకటి. రెండూ కలుస్తాయి. ముందు రెండిటి ఎత్తూ సమానమనుకుని ఈ సూత్రం వాడండి (సీ, డీ ఆ రెండు అలల కోణాలు):

సైన్ సీ + సైన్ డీ = 2 × సైన్ ((సీ + డీ) ÷ 2) × కాస్ ((సీ − డీ) ÷ 2)

సైన్ భాగం రోజుకి రెండుసార్లు వచ్చే మామూలు పోటే. కాస్ భాగం మాత్రం చాలా నెమ్మదిగా తిరుగుతూ ఆ పోటుని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. సూర్యుడి అల గంటకి 30°, చంద్రుడిది 28.98°. తేడా గంటకి 1.02°, అందులో సగం 0.51°. కాస్ ప్లస్ ఒకటికి చేరినా మైనస్ ఒకటికి చేరినా పోటు పెద్దదే, కాబట్టి 180° తిరిగితే చాలు, మళ్ళీ పెద్ద పోటు. 180 ని 0.51 తో భాగించి, గంటల్ని రోజులు చేస్తే పద్నాలుగున్నర దాటి, పదిహేనుకి దగ్గరగా వస్తుంది. నిజానికి చంద్రుడి అల సూర్యుడి దానికి రెట్టింపు కన్నా ఎక్కువ, అందుకే నడుమ వచ్చే అష్టమికి పోటు చచ్చిపోదు, పోటుకీ ఆటుకీ తేడా సుమారు అర మీటరుకి తగ్గుతుంది. పౌర్ణమికీ అమావాస్యకీ ఆ తేడా సుమారు 1.4 మీటర్లకి పెరుగుతుంది. ఈ లెక్క మొదటిసారి చేసిన రోజు కాగితం పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్ళాను. వల బాగుచేస్తూ విని, "పదిహేను రోజులు కాదే, ఓ పూట తక్కువ" అన్నారు. 14.77 రోజులు.